నోఫ్రీ చేసిన ఐదో దొర

మా లంబెర్తో దొర చావును ఐదుసార్లు తప్పించుకున్నాడు. ఐదుసార్లూ ఆయన్ని గుడిలో నిలబెట్టినవాడు మా వీధి మైనపు పనివాడు నోఫ్రీ. దొర చరిత్ర రాయడానికి కోటలో పండితులున్నారు. ఆయన గెలిచిన యుద్ధాలు, కట్టించిన మేడ, దూరదేశాల నుంచి తెప్పించిన పాలరాయి, పదకొండేళ్లపాటు చిత్రకారులు వెల్లకిలా పడుకుని వేసిన పైకప్పు బొమ్మలు, అన్నీ వాళ్లు లాటిన్‌లో రాస్తున్నారు. నోఫ్రీ పేరు అందులో ఉండదు. కోటలో బట్టలుతికే ఆమెను అడిగి మరీ కనుక్కున్నాను. అందుకే ఇది నేను రాస్తున్నాను.

నోఫ్రీ ఇల్లు మా ఇంటికి మూడు గడపల అవతల. ఆ ఇంటి ముందు నుంచి వెళ్తే తేనె వాసన. ఎండాకాలంలో దారితప్పిన తేనెటీగలు అతని కిటికీ చుట్టూ తిరుగుతుండేవి. మనిషి పొట్టి. కనుబొమలు ఎప్పుడూ సగం కాలిపోయి ఉండేవి. ఇంట్లో ఉలుకూ పలుకూ ఉండదు. భార్య చీలియా పది మాటలంటే అతను ఒక దగ్గు దగ్గుతాడు. కానీ చెయ్యి మైనంలో పెట్టాడంటే చాలు, నోరు తెరుచుకుంటుంది.

మా కాస్తెలాంబ్రోలో ఎవరికైనా ప్రాణగండం తప్పితే వంతెన మరియమ్మ తల్లి గుడిలో మైనపు మొక్కు చెల్లిస్తాం. చెయ్యి విరిగి అతుక్కున్నవాడు మైనపు చెయ్యి ఇస్తాడు. కన్ను బాగయినవాడు కన్ను ఇస్తాడు. దొరకు గండం తప్పితే మాత్రం ఒక అవయవంతో సరిపెట్టుకోరు. నిలువెత్తు దొరనే ఇవ్వాలి, ఆయన బట్టలే తొడగాలి.

మొదటి బొమ్మ దొరకు తొమ్మిదేళ్లప్పుడు. మశూచి వచ్చి, తగ్గింది. అప్పటికి నోఫ్రీకి ఇరవై. వాళ్ల నాన్న "నేను కొవ్వొత్తులు పోసేవాణ్ణి, దొరబిడ్డలను పోసేవాణ్ణి కాను" అని తప్పుకుంటే నోఫ్రీ పూనుకున్నాడు. బొమ్మ ముఖమంతా మచ్చలు పెట్టాడు. కోటలో ఆడవాళ్లు గగ్గోలు పెట్టారు. పిల్లవాణ్ణి కన్న దొరసాని ఒక్కతే ఆ బుగ్గలు తడిమి చూసి, "ఆ మచ్చలున్నవాణ్ణే తల్లి నాకు తిరిగిచ్చింది. ఉండనీ" అంది.

రెండోది పందొమ్మిదో ఏట, గుర్రంతో సహా ఏట్లో కొట్టుకుపోయి బతికినప్పుడు. ఈసారి ముఖం అచ్చు నేరుగా తీశాడు. దొరను బల్ల మీద పడుకోబెట్టి, ముఖానికి నూనె రాసి, ముక్కురంధ్రాల్లో బాతు ఈకల గొట్టాలు పెట్టి, తడి సున్నపు ముద్ద పొయ్యాలి. అది గట్టిపడేదాకా దొర పెదవి కదపకూడదు. ఊరందరినీ శాసించే మనిషి అరగంట సేపు నోరు మూసుకుని పడుకోవడం, పక్కనే నోఫ్రీ కూర్చుని వీధిలో సంగతులన్నీ చెప్పడం. ఎవరి మేక ఎవరి తోటలో పడిందో, రొట్టెల పొయ్యి దగ్గర ఎవరు ఎవరి జుట్టు పట్టుకున్నారో అంతా చెప్పేవాడట. సున్నం లేపగానే దొర మొదట అడిగిన మాట, "ఇంతకీ మేక ఎవరిది?"

మూడోది సొంత తమ్ముడు విందులో విషం పెట్టించినప్పుడు. దొర విసిరిన ముక్క తిని వేటకుక్క చచ్చింది, దొర బతికాడు, తమ్ముడు పొలిమేర దాటి పారిపోయాడు. దొర తన బొమ్మతోపాటు కుక్క బొమ్మ కూడా చెయ్యమన్నాడు. పాదిరి గునిసినా నోఫ్రీ చేశాడు. నాలుగోది ముట్టడిలో బాణం టోపీని తీసుకుపోయి తలను వదిలేసినప్పుడు. ఐదోది నాలుగేళ్ల కిందట, విషజ్వరం నుంచి లేచినప్పుడు.

ఆ ఏడే కోటకు ఒక పాలరాతి శిల్పి వచ్చాడు. మైనం వంటింటి పని అని, దొర రూపాన్ని వెయ్యేళ్లు నిలిచే రాతిలో తాను చెక్కుతానని అన్నాడు. చెక్కాడు కూడా. దొర ఆ రాతి తలను చూసి, మంచి మాటలు చెప్పి, బహుమానమిచ్చి పంపి, తర్వాత నోఫ్రీతో అన్నాడట: "రాతిలో నన్ను దేవుణ్ణి చేస్తార్రా. నీ మైనంలో అయితే నా గడ్డం కింద పులిపిరి కూడా ఉంటుంది. తల్లి నన్ను గుర్తుపట్టాలంటే అదే ఉండాలి."

మొదటి మూడు బొమ్మలూ గుడి దూలాలకు తాళ్లతో వేలాడుతుండేవి. నాలుగోదాన్ని ఎత్తుగా గోడ గూట్లో నిలబెట్టారు. ఐదోదానికి పైన చోటు లేక, స్తంభం పక్కన నడుమెత్తు చెక్క వేదిక మీద నిలిపారు. కుడి పక్క గోడ. ఎడమ పక్క ఆడవాళ్లం కూర్చునే చోటు. బొమ్మకు జ్వరం నాడు దొర తొడుక్కున్న ఊదారంగు పొడుగు అంగీ, ఎర్రటి బిగుతు మేజోళ్లు.

మొన్న సెప్టెంబరులో మరియమ్మ తల్లి పుట్టినరోజు పండుగ పూజలో, పాదిరి రొట్టె పైకెత్తిన క్షణాన ఆ ఐదో దొర ముందుకు వంగి, మర్యాదగా నమస్కారం పెడుతున్నట్టుగా వంగి, అలాగే బోర్లా పడ్డాడు. తల ఊడింది. అది దొర్లుకుంటూ వచ్చి కొత్వాలు బూటుకు తగిలి ఆగింది, కళ్లు పైకి పెట్టి.

గుడిలో ఒక్క అరుపు. మొక్కు బొమ్మ పడితే ఆ మనిషికి ఏడాది గడవదని మా ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. పైగా దొర ఆ రోజు పూజకు రాలేదు. మోకాలి వాపుతో మంచం మీదున్నాడు. ఆ ఖాళీ కుర్చీని చూసి కొందరు అప్పుడే ఏడవడం మొదలుపెట్టారు.

కొత్వాలు బొమ్మ అంగీ పైకి లాగాడు. ఎడమ కాలు మడమ నుంచి మోకాలి దాకా డొల్ల. మేజోడు లోపల వేలు మందాన మైనం మిగిలి ఉందంతే.

"చూశారా! కావాలనే డొల్లగా పోశాడు. ఇవాళ కాకపోతే రేపు పడాలని. ఆ పారిపోయిన తమ్ముడుగారు ఎంత ముట్టజెప్పాడ్రా నీకు?" అని నోఫ్రీ మెడ పట్టుకున్నాడు.

నోఫ్రీ వంగి ఆ డొల్లలోకి వేలు పెట్టి తిప్పాడు. తర్వాత తలెత్తి ఆడవాళ్లు కూర్చున్న వైపు చూశాడు. చీలియాను చూశాడు. నన్ను చూశాడు. మేము నేల చూపులు చూశాం.

"నా తప్పే. సరిగ్గా పొయ్యలేదు" అన్నాడు.

మైనం ఎలా పొయ్యాలో నలభై ఏళ్లుగా తెలిసినవాడు ఆ మాటన్నాడు. కొత్వాలుకు అది చాలు. మైనం దుకాణానికి ముద్ర వేశాడు. శనివారం సంతలో కుడి చెయ్యి నరికి, పొలిమేర దాటిస్తామని దండోరా వేయించాడు. ఆ రోజు బుధవారం.

మర్నాడు పొద్దున్నే నీళ్ల చప్టా దగ్గర చేరాం. చెప్పాల్సినది ఇప్పుడు చెప్పాలి. ఆ కాలు తిన్నది మేము.

మొదటి చిటికె నాదే. నాలుగేళ్ల కిందట మా చిన్నకోడలికి నొప్పులు రెండు రోజులు దాటాయి, బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసాని మెయా చేతులెత్తేసింది. నేను గుడికి పరుగెత్తి తల్లి ముందు కూలబడ్డాను. పక్కనే కొత్త మైనపు దొర. మశూచి, ఏరు, విషం, బాణం, జ్వరం, ఇన్నిటి నుంచి బయటపడ్డ మనిషి. ఆ అదృష్టంలో ఒక్క శనగగింజంత మా కోడలికి దొరికితే చాలుననిపించింది. అంగీ వెనక ఎత్తి, మేజోటి కుట్టు ఊడదీసి, పిక్క దగ్గర గోటితో గిల్లి తెచ్చి కోడలి దిండు కింద పెట్టాను. తెల్లారేసరికి మనవడు కేరుమన్నాడు. నేను చెప్పింది ఒక్క మెయాకే. మెయాకు చెప్పడమంటే సంతలో చెప్పడమే.

నీళ్ల చప్టా దగ్గర అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. చీలియా ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉంది.

"నేనెంత తీశానూ, పెసరగింజంత! అదీ పంటినొప్పికి" అంది చేపలమ్మే ఆవిడ.

"పెసరగింజంతా? నువ్వు గిల్లుతుంటే కాపలా నిలబడ్డది నేనే కాదూ? రేగుపండంత తీశావే!" అంది రొట్టెల పొయ్యి యజమానురాలు.

"నీ సంగతో? ఆవు పాలివ్వడం లేదని తీసుకుపోయావు. దొర కాలు ఆవుకు కట్టినదానివి నువ్వూ మాట్లాడతావా?"

"ఇచ్చిందా లేదా ఆవు పాలు?"

"ఇస్తే మాకేమైనా పోశావా ఒక్క చుక్క?"

"నోళ్లు ముయ్యండి. ఇదా సమయం?" అన్నాను. "మెయా, నువ్వెంత తీశావు?"

మెయా తలగుడ్డ సర్దుకుంది. "నాది మంత్రసాని పనక్కా. కాన్పుకో కాస్త. లెక్కేముంది... మోకాలి కిందదంతా నాదే అనుకోండి."

"అమ్మో!" అన్నారందరూ.

చీలియా అప్పుడు నోరు తెరిచింది. "నేనూ తీశాను వదినా. ఆయన దగ్గు తగ్గాలని. ఆయన చేసిన బొమ్మ నుంచే తీసి ఆయన దిండు కిందే పెట్టాను. నిన్న ఆ డొల్లలో వేలు పెట్టగానే గోళ్ల గాట్లు తగిలాయి ఆయనకు. మనమేనని తెలిసిపోయింది. అందుకే తన మీద వేసుకున్నాడు."

తల్లికి ఇచ్చిన మొక్కును దొంగిలిస్తే లోపలి చొక్కాతో ఊరంతా తిప్పి కొరడాలతో కొడతారు, ఏడాది గుడి గడప తొక్కనివ్వరు. పెళ్లి కావలసిన ఆడపిల్లలున్న తల్లులున్నారు మాలో. ఆ భయం అందరి ముఖాల్లోనూ కనిపిస్తోంది. నా ముఖంలోనూ ఉండే ఉంటుంది.

"చెయ్యి పోతే ఆయన బతకడు వదినా. చేతితోనే ఆయన మాట్లాడేది. అది లేకపోతే ఇంక నోరు కూడా తెరవడు" అంది చీలియా.

"సరే," అన్నాను. "ఎవరి దగ్గర మిగిలినది వాళ్లు తెచ్చుకోండి. దిండ్ల కింద, గుమ్మాల పైన, తాయెత్తుల్లో, ఎక్కడున్నా సరే. అందరం వెళ్దాం. ఒక్కదాన్ని కొడతారు గానీ ముప్పైమందిని కొట్టడానికి కొత్వాలు చెయ్యి నొప్పెట్టదూ?"

"నీకేం లాపక్కా, నీ కూతుళ్ల పెళ్లిళ్లయిపోయాయి" అని గొణిగింది చేపలావిడ. కానీ అందరికంటే ముందు ఇంటికి పరుగెత్తింది కూడా ఆమే.

శుక్రవారం పొద్దున ముప్పై ఒక్కమందిమి కోట గుమ్మం ముందు నిలబడ్డాం, ఒక్కొక్కరి గుప్పిట్లో ఒక్కో రుమాలు మూట. కొత్వాలు బయటికొచ్చాడు.

"ఏంటమ్మా ఇది? సంత రేపు కదా?"

"రేపటి సంతలో సరుకు లేకుండా చేద్దామని వచ్చాం నాయనా" అన్నాను. "దొరను చూడాలి."

"దొర ఎవర్నీ చూడరు. వీలునామా రాయించుకుంటున్నారు. పొండి."

మూడు రోజులుగా దొర తిండి ముట్టలేదని, గోడ వైపు తిరిగి పడుకున్నాడని బట్టలుతికే ఆమె ముందే చెప్పింది నాకు. జ్యోతిష్కుడు పక్కనే కూర్చుని, ఏ నెలలో పోతాడో లెక్కలు వేస్తున్నాడట. నేను గొంతు ఎత్తాను. నా గొంతుకు కోట ఒక లెక్కా!

"లంబెర్తో దొరా! మీ కాలు మా దగ్గరుంది!"

కొత్వాలు నా నోరు ముయ్యబోయాడు. నా వెనక ముప్పైమంది ఒకేసారి అందుకున్నారు. కాసేపటికి పైన కిటికీ తెరుచుకుంది. "వాళ్లను రానివ్వు" అని సన్నటి గొంతు వినపడింది.

పైకి నన్ను, మెయాను, చీలియాను రానిచ్చారు. మిగతావాళ్లు మెట్ల మీద నిలబడి, వీలైనంత మెడలు చాచారు. పైకప్పు నిండా రంగు రంగుల దేవతలు, మబ్బులు, పళ్లగుత్తులు. వాటి కింద పెద్ద మంచం మీద దొర. ముఖం పాలిపోయి ఉంది. ఎడమ మోకాలికి ఉన్నిగుడ్డ కట్లు. ఆ ముఖం నోఫ్రీ అచ్చులో నాలుగుసార్లు చూశాను గానీ, ఇంత దగ్గరగా అసలు మనిషిని చూడటం అదే మొదలు. పులిపిరి సరిగ్గా నోఫ్రీ పెట్టిన చోటే ఉంది.

"నా కాలు ఎవరి దగ్గరుంది?" అన్నాడు.

మోకరిల్లి అంతా చెప్పాను. కోడలి కాన్పు, నా చిటికె, మెయా పిడికిళ్లు, పంటినొప్పులు, ఆవు, ఏదీ దాచలేదు. చెప్పి, మా మూటలన్నీ మంచం పక్క బల్ల మీద కుమ్మరించాం. దిండు నలకలు అంటినవి, చెమటకు నల్లబడినవి, తాయెత్తు దారాలు చుట్టినవి. ఒక దానికి ఆవు వెంట్రుకలు కూడా ఉన్నాయి.

"అబద్ధం ప్రభూ!" అన్నాడు కొత్వాలు. "కొవ్వొత్తి ముక్కలు ఏరుకొచ్చారు. ఆ దుర్మార్గుణ్ణి తప్పించాలని ఆడిన నాటకం."

"ఆ దుర్మార్గుణ్ణే పిలవండి, చెబుతాడు" అన్నాను.

నోఫ్రీని తెచ్చారు. తాళ్లు కట్టి కట్టి మణికట్లు వాచిపోయాయి. బల్ల మీది కుప్ప చూసి, మమ్మల్ని చూసి, "ఎందుకొచ్చారు మీరు?" అని కసిరాడు. దొర కళ్లతో సైగ చేశాక ఒక ముద్ద తీసుకుని రెండు చేతులతో లాగాడు. మైనం సాగి, మధ్యలో సన్నటి నారపోగులు బయటపడ్డాయి.

"నిలబడే బొమ్మ కాలికి అవిసెనార కలిపి పోస్తాం దొరా, బరువు ఆగడానికి. కొవ్వొత్తిలో నార వేస్తే పొగ వస్తుంది. ఏ కొవ్వొత్తి మనిషీ వెయ్యడు." ఇంకో ముద్ద తీసి లాగాడు. అందులోనూ నార. "ఇది మీ పిక్క. ఇది మీ మోకాలి కింది భాగం."

కొత్వాలు ముఖం మాడింది. కానీ అతనూ తక్కువవాడు కాదు. ఒక్క క్షణం ఆలోచించి, "ఎడమ కాలు!" అని కేకేశాడు. "ప్రభూ, తమరికి నొప్పి ఏ కాలిది? ఎడమదే కదా! వీళ్లు బొమ్మ కాలు గిల్లుతుంటే తమరి కాలు లాగేస్తోంది. ఇది దొంగతనం కూడా కాదు, చేతబడి!"

చేతబడికి కొరడా శిక్ష కాదు, మంట. మెయా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. దొర తన మోకాలి వైపు చూసుకుని, మెల్లిగా నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. భయం ఉంది. అది చూసే నాకు ఎక్కువ భయం వేసింది.

ఊళ్లో అన్ని సంగతులూ ఆరా తీస్తానని నన్ను తిట్టనివాళ్లు లేరు. ఆ రోజు అదే మమ్మల్ని గట్టెక్కించింది.

"దొరా, తమరి మోకాలికి ఉన్నికట్లు ఎన్నేళ్ల నుంచి కడుతున్నారు?" అన్నాను.

"నీకెందుకు?" అన్నాడు కొత్వాలు.

"నాకు తెలుసు గనక. కట్లు ఉతికే ఆమె మా నీళ్ల చప్టాకే వస్తుంది. తొమ్మిదేళ్ల నుంచి ఉతుకుతోంది. మేం గిల్లడం మొదలుపెట్టింది నాలుగేళ్ల కిందట. బొమ్మ వచ్చిందే నాలుగేళ్ల కిందట. పుట్టని బొమ్మను గిల్లితే దొరగారి కాలు ఎలా నొప్పెట్టింది కొత్వాలుగారూ?"

దొర వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు. మళ్లీ లెక్కపెట్టుకున్నాడు. "తొమ్మిది," అన్నాడు. "నిజమే, నదివైపు కోటగోడ కట్టిన ఏడు. తొమ్మిదేళ్లే."

"మరి ఎడమ కాలే ఎందుకు గిల్లారు?" అన్నాడు కొత్వాలు, ఇంకా వదలకుండా.

"కుడికాలు గోడ వైపుంది బాబూ. చెయ్యి అందదు" అంది మెయా.

ముందు దొర గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు చప్పుడైంది. దగ్గనుకున్నాం. తర్వాత భుజాలు కదిలాయి. మనిషి నవ్వుతున్నాడు. నవ్వీ నవ్వీ, మోకాలు కదిలి "అబ్బా" అని, మళ్లీ నవ్వాడు. మెట్ల మీద ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత ఆపడం ఎవరి వల్లా కాలేదు. జ్యోతిష్కుడు తన కాగితాలు మెల్లిగా చుట్టుకోవడం చూశాను.

"అంటే," అన్నాడు దొర కళ్లు తుడుచుకుంటూ, "తల్లి నన్ను కింద పడెయ్యలేదు."

"తల్లికేం పని దొరా! మేమే పడేశాం."

ఆయన గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. మూడు రోజులుగా ఆ గదిలో ఎవరూ సరిగా ఊపిరి తీసుకోలేదనుకుంటా. కాసేపటికి మెయా వైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగాడు, "పనిచేసిందా?"

"ఏంటి బాబూ?"

"నా కాలు."

మెయా మోకాళ్ల మీదే కాస్త ముందుకు జరిగింది. కాన్పుల మాటొస్తే ఆమెకు దొరా, కూలీ తేడా లేదు. "నాలుగేళ్లలో నలభై ఆరు కాన్పులు బాబూ. ఇద్దరు తల్లులు పోయారు. అంతకు ముందు నాలుగేళ్లలో తొమ్మిదిమంది. మీ కాలో, తల్లి దయో, నా చేతి చలవో నేను చెప్పలేను. నొప్పుల్లో ఉన్న పిల్లకు 'దొర ఐదుసార్లు బతికాడు, నువ్వు ఒక్కసారి బతకలేవా' అని చెప్పి చేతిలో ఆ ముద్ద పెడితే మాత్రం, పట్టు దొరుకుతుంది. అది నా కళ్లతో చూశాను."

దొర పైకప్పు వైపు చూశాడు. అంత ఖర్చు పెట్టి వేయించుకున్న దేవతలను చూస్తున్నాడో, ఊరికే చూస్తున్నాడో తెలియలేదు.

"పండితులు నా గురించి నాలుగు పుస్తకాలు రాశారు," అన్నాడు చివరికి. "ఇందులో ఒక్క ముక్కా లేదు."

తర్వాత శిక్షలు చెప్పాడు. దొంగతనం దొంగతనమే గనక, ముప్పై ఒక్కమందిమీ వచ్చే ఈస్టరు దాకా ప్రతి శుక్రవారం ఉపవాసం ఉండి, గుడి నేల కడగాలి. పాదిరికి ఆయనే చెబుతాడు. కొత్వాలు తొందరపడ్డాడు గనక, స్వయంగా నోఫ్రీ కట్లు విప్పి, ఇంటిదాకా వెంట వెళ్లి, దుకాణం ముద్ర తీసి రావాలి. నోఫ్రీ వైపు తిరిగి, "ఎందుకు చెప్పలేదురా?" అని అడిగాడు.

"చెబితే వీళ్లను కొట్టేవాళ్లు దొరా."

"నీ చెయ్యి పోయేది కదా!"

నోఫ్రీ ఒక దగ్గు దగ్గాడు. చీలియా ఆపుకోలేక ఏడుపు, నవ్వు కలిపేసింది.

"బొమ్మ మళ్లీ చెయ్యి" అన్నాడు దొర. "ఈసారి ఎడమకాలు కాస్త లావుగా పొయ్యి. అందరికీ సరిపోవాలి." ఆ వెంటనే, పక్కన నిలబడ్డ వంటవాడితో, "ఉల్లిపాయలు వేసిన చిక్కుడుగింజల పులుసు ఉందా? రొట్టె కూడా తీసుకురా" అన్నాడు. వంటవాడు పరుగెత్తిన పరుగు చూడాలి!

వీధిలోకి ఊరేగింపులా వచ్చాం. దారంతా ఆడవాళ్లు, ఎవరి ముద్ద పెద్దది, దొర ఎవరి ముద్దను చేతితో ముట్టుకున్నాడు అని పోట్లాడుకుంటూనే ఉన్నారు. నోఫ్రీ మధ్యలో నడుస్తూ, "అడిగితే ఇచ్చేవాణ్ణి కదా! నా దగ్గర బుట్టెడు మైనం ఉంది! దొంగముండల్లారా!" అని తిట్లు మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్లలో అతను ఇన్ని మాటలు మైనం ముట్టుకోకుండా మాట్లాడటం నేను వినలేదు. మాకు ఆ తిట్లు తేనెలా ఉన్నాయి.

"బుట్టలోది దొర కాలు కాదుగా అన్నా" అంది చేపలావిడ.

దుకాణం ముందు కొత్వాలు తలుపు మీది ముద్ర పగలగొట్టాడు. ఎర్రటి ముక్కలు గడప మీద రాలాయి. నోఫ్రీ వంగి ఒక ముక్క తీసుకున్నాడు. వాచిన కుడి చేతి వేళ్ల మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, ముఖం చిట్లించాడు.

"కొత్వాలుగారూ, దీన్ని మీకెవరు అమ్మారో గానీ సగం పశువుల కొవ్వు. ఎండకు కరిగిపోతుంది. దీంతో ముద్రలేస్తే దొంగలకు తలుపు తెరిచినట్టే. రేపొచ్చి మంచిది పట్టుకెళ్లండి."

కొత్వాలు తల గోక్కుని, "రేపు శనివారం కదూ? సంతలో పనుందనుకున్నాను. ఇప్పుడు లేదులే. వస్తాను" అన్నాడు.

చీలియా అప్పటికే లోపల పొయ్యి రాజేసింది. మేము గుమ్మం దగ్గర, కిటికీ దగ్గర ఎక్కడ వీలైతే అక్కడ నిలబడి చూస్తున్నాం. నోఫ్రీ మైనం గిన్నె పొయ్యి మీద పెట్టి, చొక్కా చేతులు పైకి మడిచి, మొదటి బుడగ కోసం ఎదురుచూస్తూ మా వైపు చూశాడు.

"చూసింది చాలు, ఇంక పొండి. కాదు, లాపక్కా, నువ్వు ఆగు. ఇంతకీ దొర అచ్చులో ఉన్నప్పుడు చెప్పడానికి నాకు కబుర్లు కావాలి. మొన్నటి నుంచి జైల్లో ఉన్నాను, ఏమీ తెలియవు. ఊళ్లో ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పు."

నేను బల్ల లాక్కుని కూర్చున్నాను.